టోరిక్ ఐసీఎల్: కంట్లో లెన్స్ పెట్టించుకున్న తొమ్మిదేళ్లకు

మా ఆడపడుచు కూతురు పోయిన నెల ధర్మవరం నుంచి ఫోన్ చేసి, "అత్తా, నీ కంట్లో పెట్టిన లెన్స్ ఇంకా బాగానే ఉందా? నేనూ పెట్టించుకోవచ్చా?" అని అడిగింది. ఫోన్లో అరగంట చెప్పినా నాకే తృప్తి కాలేదు. ఆపరేషన్ అయిన వారానికే సూపర్ అని రాసేవాళ్ళు బోలెడంత మంది దొరుకుతారు, ఏళ్లు గడిచాక ఏమైందో చెప్పేవాళ్ళు మాత్రం నేను వెతికిన రోజుల్లో ఒక్కరూ దొరకలేదు. అందుకే ఇది రాస్తున్నా. లెన్స్‌కు నేను ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆపరేషన్ చేసిన బెంగళూరు ఆసుపత్రికి రెండు ఇస్తాను, అదీ ఆపరేషన్ టేబుల్ మీద వాళ్ళ పనితనానికి.

మాది అనంతపురం, పాతూరులో పట్టుచీరల కొట్టు. నాకు ఐదో తరగతిలోనే సైట్ వచ్చింది, ఏటా అద్దాలు మందమవుతూ వచ్చాయి. 31 ఏళ్లు వచ్చేసరికి కుడి కన్ను మైనస్ 9.5, ఎడమ కన్ను మైనస్ 11, దాని మీద సిలిండర్ కుడివైపు 2.25, ఎడమవైపు 3. సోడాబుడ్డి అద్దాలు అంటారే, అవే. ముక్కు మీద ఎప్పుడూ రెండు ఎర్రటి గుంతలు ఉండేవి. కాంటాక్ట్ లెన్సులు నాలుగేళ్లు వాడాను కానీ మా ఊరి దుమ్ముకు, ఎండకు సాయంత్రానికి కళ్ళు నిప్పుల్లా మండేవి, గాలి లేచిన రోజైతే కొట్టు మధ్యలో వదిలేసి లోపలికెళ్ళి లెన్సులు తీసేసుకోవాల్సి వచ్చేది.

సిలిండర్ సంగతి తెలియనివాళ్ళకు ఒక్క మాట. కార్నియా, అంటే నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర, బంతిలా అన్ని వైపులా ఒకేలా వంగి ఉండాలి. కొందరికి ఒక దిక్కున ఎక్కువ, దానికి అడ్డంగా ఇంకో దిక్కున తక్కువ వంగి ఉంటుంది, పక్కకు పడుకోబెట్టిన కోడిగుడ్డులా. అప్పుడు దూరమైనా దగ్గరైనా అక్షరానికి తోక వచ్చినట్టు కనబడుతుంది. దీన్ని సరిచేసే అద్దానికి పవర్ ఒక్కటే సరిపోదు, ఏ కోణంలో ఉండాలో అది కూడా సరిగ్గా ఉండాలి. ఆ కోణాన్నే యాక్సిస్ అంటారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నాకు వచ్చిన ఇబ్బంది అంతా అక్కడే వచ్చింది.

ముందు లాసిక్ కోసమే వెళ్ళాను, అంటే కార్నియాను లేజర్‌తో చెక్కి పవర్ తీసేసే ఆపరేషన్. నా కార్నియా మందం 478 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), నా పవర్‌కు అందులో దాదాపు 150 మైక్రాన్లు లేజర్‌తో చెక్కాలి, పైన తెరిచే పొర పోను కింద మిగిలేది మరీ పలచన, అలా పలచబడ్డ కార్నియా తర్వాత్తర్వాత ముందుకు ఉబ్బుకొచ్చే ప్రమాదం ఉంది అన్నారు. వద్దు అని సూటిగా చెప్పినందుకు ఆ డాక్టరుకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటా. అప్పుడు చెప్పిందే ఐసీఎల్. ఇందులో కార్నియాను చెక్కరు, మన సొంత లెన్స్‌ను తీయరు. కంట్లో రంగు కనబడే ఐరిస్ ఉంటుంది కదా, దాని వెనక, మన సొంత లెన్స్‌కు ముందు, ఆ సన్నటి సందులో మడత పెట్టిన మెత్తటి లెన్స్‌ను జారవిడుస్తారు, అది లోపల విచ్చుకుంటుంది. కొలామర్ అనే పదార్థంతో చేస్తారు, అందులో కొంచెం కొలాజెన్ కలుస్తుంది. సిలిండర్‌ను కూడా సరిచేసే రకాన్ని టోరిక్ అంటారు. కావాలంటే తర్వాత తీసేయవచ్చు. నన్ను ఎక్కువగా ధైర్యపెట్టింది ఆ మాటే.

2016 డిసెంబరులో చేయించుకున్నాను. ఒక రోజు కుడి, రెండు రోజులు ఆగి ఎడమ. మత్తు సూది లేదు, చుక్కలే. కూర్చోబెట్టి కార్నియా మీద సిరాతో గుర్తులు పెట్టారు, ఎందుకంటే పడుకుంటే కన్ను కొద్దిగా తిరుగుతుంది, పడుకున్నాక కోణం కొలిస్తే తప్పు వస్తుందట. లోపల కన్నుకు ఇరవై నిమిషాలు పట్టింది, నొప్పి లేదు, ఎవరో కంటిని లోపలి నుంచి నొక్కుతున్నట్టు ఒక బరువు మాత్రం తెలిసింది. కుట్లు లేవు.

మర్నాడు పొద్దున లాడ్జి కిటికీ దగ్గర నిలబడి, ఎడమ కన్ను చేత్తో మూసుకుని, ఎదురు మేడ మీద ఆరేసిన లుంగీ గళ్ళు లెక్కపెట్టాను. పదకొండు. మా ఆయన్ని పిలిచి లెక్కపెట్టించాను, ఆయనకూ పదకొండే వచ్చాయి. అంతవరకు నేను అద్దాలు పెట్టుకుని చూసిందంతా చిన్నదిగా చూసిందే అని ఆ రోజే తెలిసింది. మైనస్ పవర్ ఎక్కువున్న కళ్ళజోడు వస్తువుల్ని కుదించి చూపిస్తుంది, లెన్స్ కంటి లోపలే ఉంటే ఆ కుదింపు పోతుంది. అద్దాలతో చార్టులో ఎప్పుడూ చదవలేని కింది వరుస ఆ రోజు చదివాను.

ఇక ఇబ్బంది. మూడో వారంలో ఎడమ కన్ను మాత్రం తేడాగా అనిపించింది. సప్తగిరి సర్కిల్ దగ్గర బోర్డుల మీద ప్రతి అక్షరానికి పక్కన ఒక లేత నీడ. చీర మీద ధర చీటీలో 8 కాస్తా రెండు 8లు ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు కనబడేది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి, "అడ్జస్ట్ అవుతుంది మేడం, మూడు నెలలు ఆగండి" అంది. వారం తర్వాత మళ్ళీ చేశాను, మళ్ళీ అదే మాట. డాక్టరుతో మాట్లాడాలి అంటే ఆయన కాన్ఫరెన్సులో ఉన్నారన్నారు. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. ఇంత డబ్బు పోసి, ఉన్న కన్ను పాడుచేసుకున్నానా అని ఒకటే టెన్షన్.

చివరికి అనంతపురంలోనే ఒక పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన చుక్కలు వేసి కంటిపాపను పెద్దది చేసి, ఆ సన్నటి వెలుగు గీతతో చూస్తూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "లెన్స్ బాగుందమ్మా, కానీ తిరిగింది" అన్నారు. టోరిక్ లెన్స్ మీద చిన్న గుర్తులు ఉంటాయి, అవి ఉండాల్సిన గీత నుంచి 12 డిగ్రీలు పక్కకు జరిగాయి. ఆయన కాగితం మీద లెక్క వేసి చూపించారు: ఒక్కో డిగ్రీ తప్పితే సిలిండర్ దిద్దుబాటు సుమారు 3.3 శాతం తగ్గుతుంది, పది డిగ్రీలకు మూడో వంతు, ముప్ఫై డిగ్రీలు తిరిగితే పెట్టినా పెట్టకపోయినా ఒకటే. నాది 12, అంటే 40 శాతం దాకా పోయింది, 3 సిలిండర్‌లో 1.2 వెనక్కి వచ్చేసింది. మూడు నెలలు కాదు మూడేళ్లు ఆగినా దానంతట అది సర్దుకునేది కాదు, ఇది కన్ను అలవాటు పడే విషయమే కాదు.

ఎంత తిప్పాలో ఖాయం చేసుకోవడానికి ఆయనకు ఇంకో కాగితం కావాల్సి వచ్చింది. టోరిక్ లెన్స్‌తో పాటు, దాన్ని ఏ కోణంలో పెట్టాలో చూపించే బొమ్మ ఒకటి వస్తుంది. నాకు ఇచ్చింది లెన్స్ పవర్, సైజు, సీరియల్ నంబరు ఉన్న చిన్న కార్డు మాత్రమే. ఆ బొమ్మ కోసం నాలుగు సార్లు ఫోన్ చేసి, చివరికి మా ఆయన బస్సెక్కి బెంగళూరు వెళ్ళి కౌంటర్ దగ్గర నిలబడితే ఇచ్చారు. డిశ్చార్జ్ రోజే ఒక జిరాక్సు ఇస్తే వాళ్ళకు రెండు రూపాయలు. ఏడో వారంలో ఆ ఆసుపత్రిలోనే మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి లెన్స్‌ను తిప్పి సరిచేశారు, పది నిమిషాల పని, థియేటర్ చార్జి అని 8,000 రూపాయలు వసూలు చేశారు. లెన్స్ తిరగడం ఎవరి తప్పూ కాకపోవచ్చు, టోరిక్‌లో అది తెలిసిన ప్రమాదమే, కొందరికి జరుగుతుంది. కానీ ఫోన్ చేసిన మనిషిని పిలిచి చూడకుండా ఆగమనడం తప్పు. నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు. ఆ తర్వాత తొమ్మిదేళ్లలో ఆ లెన్స్ కదల్లేదు.

ఇప్పుడు ఎవరూ ముందు చెప్పని సంగతి ఒకటి చెప్తాను. మైనస్ పవర్ ఎక్కువ ఉన్నవాళ్ళకు అద్దాలు తీసేస్తే కంటికి నాలుగు వేళ్ళ దూరంలో ఉన్నది భూతద్దం పెట్టినట్టు కనబడుతుంది. నా వ్యాపారమంతా దాని మీదే నడిచింది. చీర వచ్చిందంటే అద్దాలు తీసి, అంచును ముక్కు దగ్గరికి తెచ్చుకుని, జరీ పోగు ఎక్కడ తెగింది, బుటాలో ఎక్కడ ఒక పోగు తప్పింది అన్నది నేను చూసినట్టు మా కొట్టులో ఎవరూ చూడలేకపోయేవాళ్ళు. ఆపరేషన్ అయ్యాక మొదటి మూట విప్పి, అలవాటు కొద్దీ అంచును ముక్కు దగ్గరికి తెచ్చుకుంటే అంతా మసక. బంగారు రంగు గీత ఒకటి కనబడింది, పోగులు కనబడలేదు. ఆ రోజు నేను ఏడ్చాను. దూరం చూపు కోసం నా చేతిలో ఉన్న పనిముట్టును ఇచ్చేశానని అప్పుడు గానీ అర్థం కాలేదు. ఇప్పుడు బల్లకు బిగించిన లైటు ఉన్న భూతద్దం వాడుతున్నాను, పని జరుగుతోంది. కంసాలి పని, ఎంబ్రాయిడరీ, వాచీల రిపేరు లాంటివి చేసే మైనస్ పవర్ వాళ్ళు ఈ ఒక్క విషయం బాగా ఆలోచించుకోండి. పైగా నలభై దాటాక అందరికీ వచ్చే చత్వారం ఈ లెన్స్ ఉన్నా వస్తుంది. నాకు 40, ఏడాదిగా సాయంత్రాలు బిల్లు పుస్తకాన్ని కాస్త దూరంగా పట్టుకుంటున్నాను, ప్లస్ 1 చదువు అద్దాలు కొనుక్కున్నాను.

రాత్రి వెలుగుల గురించి అందరూ అడుగుతారు. నా లెన్స్ మధ్యలో 0.36 మిల్లీమీటర్ల రంధ్రం ఉంది. కంటి లోపల ఊరే నీరు (కన్నీరు కాదు) అందులోంచి పారుతుంది కాబట్టి ఆపరేషన్‌కు ముందు ఐరిస్‌కు లేజర్‌తో రంధ్రాలు చేయాల్సిన పని లేదు. జపాన్ డాక్టర్ కిమియా షిమిజు ఆలోచన అది, 2011 నుంచి యూరప్‌లో వాడకంలోకి వచ్చింది. మంచిదే, కానీ ఆ రంధ్రం అంచు మీద వెలుగు పడితే ఒక పలచటి వలయం కనబడుతుంది. మొదటి ఆర్నెల్లు బెంగళూరు నుంచి రాత్రి కారులో వస్తుంటే, కొడికొండ చెక్‌పోస్టు దాటాక ఎదురొచ్చే ప్రతి లారీ దీపం చుట్టూ ఒక్కో గాజు వేసినట్టు ఉండేది. ఇప్పుడు వెతుక్కుంటేనే కనబడుతుంది. ఎల్ఈడీ హెడ్‌లైట్లు నేరుగా కొట్టినప్పుడు ఇంకా ఇబ్బందే, అది అద్దాలున్నప్పుడూ ఉంది.

ఇక అసలైన ప్రశ్న, ఏళ్ల తరబడి లోపల ఉంటే కంటికి ఏమవుతుంది. పాత మోడల్ లెన్సులకు మధ్యలో రంధ్రం లేదు. స్విట్జర్లాండ్‌లో అలాంటి లెన్సులు పెట్టిన 133 కళ్ళను పదేళ్లు చూసి 2016లో ప్రచురించారు, పదేళ్లకు సగానికి పైగా కళ్ళలో సొంత లెన్స్ మీద ఎంతోకొంత మసక వచ్చింది, 18 శాతం కళ్ళకు శుక్లం ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. ఇది చదివితే భయం వేస్తుంది, నాకూ వేసింది. రంధ్రం ఉన్న మోడల్‌లో ఆ రకం శుక్లం చాలా అరుదుగా వస్తోంది. పాత లెక్కలు చూపించి భయపెట్టేవాళ్ళను, అసలు రిస్కే లేదనేవాళ్ళను, ఇద్దరినీ మీరు చెప్పేది ఏ మోడల్ గురించి అని అడగండి.

పెట్టిన లెన్స్‌కు, మన సొంత లెన్స్‌కు మధ్య సందును వాల్ట్ అంటారు. ఇది 250 నుంచి 750 మైక్రాన్ల మధ్య ఉంటే మంచిది. మరీ తక్కువైతే సొంత లెన్స్‌కు తగులుతుంది, శుక్లం భయం. మరీ ఎక్కువైతే ఐరిస్‌ను ముందుకు నెట్టి కంట్లో నీటి దారి ఇరుకవుతుంది, ప్రెషర్ పెరిగే భయం. వయసుతో మన లెన్స్ మందమవుతుంది కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ ఈ సందు తగ్గుతుంది. నాది మొదటి నెలలో కుడివైపు 560, ఇప్పుడు 430. ఎడమవైపు 610, ఇప్పుడు 490. మొదట్లోనే 300 ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలన్నమాట. లెన్స్ నాలుగు సైజుల్లోనే వస్తుంది, 12.1 నుంచి 13.7 మిల్లీమీటర్ల దాకా, కాబట్టి ముందు కొలత ఎంత బాగా తీస్తే వాల్ట్ అంత బాగా కుదురుతుంది. ఆ కొలతల రోజు తొందరపడకండి, కాంటాక్ట్ లెన్సులు డాక్టరు చెప్పినన్ని రోజులు మానేసే వెళ్ళండి.

కార్నియా లోపలి వైపు దాన్ని పారదర్శకంగా ఉంచే కణాలుంటాయి, తగ్గితే మళ్ళీ పుట్టవు. అందరికీ ఏడాదికి 0.6 శాతం దాకా సహజంగానే తగ్గుతాయి. కుడి కంట్లో నాకు చదరపు మిల్లీమీటరుకు అప్పుడు 2,780, ఇప్పుడు 2,610, అంటే ఆరు శాతం, వయసుతో పోయేదానికి దగ్గరగానే ఉంది. కంటి ప్రెషర్ రెండు వైపులా 15, 16, మామూలుగానే ఉంది. పవర్ మాత్రం పూర్తిగా సున్నాలో నిలవలేదు, ఎడమ కన్ను మైనస్ 0.75కు వచ్చింది. లెన్స్ పాడవలేదు, కన్నే ఇంకొంచెం పొడుగైంది, ఇంత మైనస్ ఉన్నవాళ్ళకు పెద్దయ్యాక కూడా అది జరుగుతుందట. రాత్రి డ్రైవింగ్‌కు సన్నటి అద్దాలు పెట్టుకుంటాను, అంతే.

పొడుగైన కన్ను అంటే గుర్తొచ్చింది, ఇది అన్నిటికన్నా ముఖ్యం. అద్దాలు పోయాయి కాబట్టి సైట్ పోయిందని మన మనసు అనుకుంటుంది. పోదు. లోపల రెటీనా, అంటే కంటి వెనక గోడ మీద బొమ్మ పడే పొర, అదే మైనస్ 11 రెటీనా, సాగి పలచబడిందే. 2021లో మామూలు ఏడాది చెకప్‌కు వెళ్తే ఎడమ కంటి రెటీనా అంచున పలచబడ్డ చోట చిన్న రంధ్రం కనబడింది. నాకు ఏమీ తెలియదు, చూపు బంగారంలా ఉంది. ఆ వారంలోనే చుట్టూ లేజర్ వేశారు. వెళ్ళకపోయి ఉంటే రెటీనా ఊడిపోయి ఉండొచ్చు. ఆ చెకప్‌కు నేను వెళ్ళింది ఇక్కడి డాక్టరు "ఏటా సంక్రాంతి అయిపోగానే రా అమ్మా" అని గట్టిగా చెప్పినందుకు. బెంగళూరు ఆసుపత్రి నుంచి తొమ్మిదేళ్లలో చెకప్ కోసం ఒక్క ఫోన్ రాలేదు, చర్మం మెరుపు ప్యాకేజీల మెసేజులు మాత్రం వచ్చాయి. ఏడాదికి ఒక పూట పోతుంది, చుక్కలు వేస్తారు కాబట్టి బండి నడపకూడదు, ఆటోలో ఇంటికి రావాలి. కళ్ళ ముందు ఉన్నట్టుండి నల్లచుక్కలు ఎక్కువైనా, మెరుపులు కనబడినా, పక్క నుంచి తెర దిగినట్టున్నా మాత్రం సంక్రాంతి దాకా ఆగకండి, అదే రోజు పరుగెత్తండి.

డబ్బు: రెండు కళ్ళకు అప్పట్లో 1,70,000 అయింది, తిప్పి సరిచేసిన ఖర్చు వేరే. టోరిక్ మామూలుదానికన్నా ఎక్కువ. గుజరాత్‌లో తయారయ్యే మన దేశపు లెన్సులు కూడా ఉన్నాయి, ధర తక్కువ, నేను వాడలేదు కాబట్టి వాటి మీద తీర్పు చెప్పను. ఇన్సూరెన్స్ సంగతి చాలామందికి తెలియదు: ఆరోగ్య పాలసీల్లో ఇప్పుడు రాసి ఉండే మినహాయింపు, అంటే డబ్బు ఇవ్వం అనే మాట, 7.5 డయాప్టర్ల (చీటీలో రాసే పవర్ కొలత అదే) కన్నా తక్కువ పవర్ దిద్దుబాటుకు. అంతకన్నా ఎక్కువ ఉంటే కౌంటర్లో 'కళ్ళకు రాదు' అనగానే వెనక్కి రాకండి, పాలసీ కాగితం తెరిచి అడగండి.

దుమ్ము గురించి కూడా. కళ్ళు నలపడం మానేయాలి. లాసిక్‌లో తెగే కార్నియా నరాలు ఇందులో అంతగా తెగవు కాబట్టి నాకు పొడి కళ్ళ బాధ పెద్దగా లేదు, ఎండాకాలం కొట్టు తలుపులు తీసి ఉంచినప్పుడు మాత్రం చుక్కలు వేసుకుంటాను.

ఫోన్ చేసిన మా ఆడపడుచు కూతురి విషయానికొస్తే, పోయిన వారం నేనే దగ్గరుండి అనంతపురంలో చూపించాను. వయసు 22, పవర్ మైనస్ 8, సిలిండర్ 1.75. కంటి ముందు గది, అంటే కార్నియాకు సొంత లెన్స్‌కు మధ్య ఉన్న చోటు, లోతు 3.2 మిల్లీమీటర్లు, కనీసం 2.8 ఉండాలి కాబట్టి అది సరిపోతుంది. కణాల లెక్క బాగుంది. కానీ పోయిన ఏడాది చీటీతో పోలిస్తే పవర్ 0.75 పెరిగింది, పవర్ ఆగకుండా పెడితే మళ్ళీ అద్దాలే అని డాక్టరు వద్దన్నారు. పిల్ల ముఖం చిన్నబోయింది. బయటికొచ్చాక "ఏడాదేగా అత్తా" అని తనే అంది. రెండు చీటీలనూ ఒకే కవర్లో పెట్టి, వచ్చే సంక్రాంతికి నా చెకప్ రోజే తనకూ రాయించాను.